రోగమునకు రామబాణము వెదకిన పాల్ ఎర్లిక్

కలుపు తీయువాడు వరిమొక్కకు దెబ్బ తగులకుండ కలుపుమొక్కను మాత్రమే పెరికివేయును. ఈ నేర్పు రైతుబిడ్డలందరకు తెలిసినదే. కాని మనుష్యశరీరమున చొరబడిన రోగక్రిమి విషయమున వైద్యులకు ఈ నేర్పు చాలకాలము అలవడలేదు. క్రిమిని చంపగల విషము రోగిని కూడ బాధించెడిది. రోగిని బాధింపని మందు క్రిమిని ఏమియు చేయలేకపోయెడిది. శరీరమును ముట్టక రోగమును మాత్రమే తాకెడు మందు లోకమున ఉండి తీరునని నమ్మి, ఆ నమ్మకమునకై తన జీవితమును ధారవోసిన మహనీయుడు పాల్ ఎర్లిక్. శ్రీరాముని బాణము గురిని భేదించి మరల అమ్ములపొదిని చేరునని మన పెద్దలు చెప్పుదురు. అట్టి మందును ఎర్లిక్ మాయతూటా అని పిలిచెను. మన భాషలో దానిని రామబాణమనుటయే సమంజసము.

బాల్యము - విద్య

పాల్ ఎర్లిక్ 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన ప్రష్యా రాజ్యములోని సైలీషియా సీమయందు స్ట్రెలెన్ అను చిన్న పట్టణమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. ఆ పట్టణము నేడు పోలండు దేశములో చేరియున్నది. తండ్రి ఇస్మార్ ఎర్లిక్ సత్రము నడుపుచు పానీయముల వ్యాపారము చేసెడివాడు. తల్లి పేరు రోసా. తల్లివైపు బంధువగు కార్ల్ వైగెర్ట్ అను యువవైద్యుడు సూక్ష్మదర్శిని క్రింద శరీరపు తునకలను రంగులతో అద్ది పరిశీలించుచుండెను. బాలుడగు పాల్ ఆ రంగులను చూచి ముగ్ధుడయ్యెను. ఆ మోహము ఆయనను జీవితాంతము వదలలేదు.

బడిలో ఆయన మేటి విద్యార్థి అని చెప్పుటకు వీలులేదు. పరీక్షలన్న ఆయనకు వెగటు. బ్రెస్లా, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయములలో వైద్యవిద్య నభ్యసించెను. తోటి విద్యార్థులు పాఠములు వల్లె వేయుచుండగా ఎర్లిక్ తన బల్లపై రంగుసీసాలను పేర్చుకొని, బల్లయంతయు నానావర్ణములైపోవునంతగా ప్రయోగములు చేసెడివాడు. గురువు వాల్డెయర్ ఆ విద్యార్థిలోని అసాధారణ ప్రతిభను గుర్తించి, ఆయనను తన త్రోవన పోనిచ్చెను. 1878లో లైప్‌జిగ్ నగరమున ఎర్లిక్ వైద్యపట్టమును పొందెను. పట్టమునకు సమర్పించిన గ్రంథము కూడ రంగుల అద్దకమును గూర్చినదే.

రంగులలో దాగిన రహస్యము

ఆ కాలమున జర్మనీలో బొగ్గుకీలునుండి క్రొత్తక్రొత్త రంగులను తీయు కర్మాగారములు వెలసెను. ఆ రంగులు బట్టలకై పుట్టినవి. ఎర్లిక్ వాటిని జీవకణములపై ప్రయోగించెను. నూలుబట్టకు చక్కగా పట్టిన రంగు పట్టుబట్టకు పట్టకపోవచ్చును. అద్దకమువారికి ఇది తెలిసిన విషయమే. శరీరములోను అట్లే జరుగుటను ఎర్లిక్ చూచెను. ఒక రంగు ఒకజాతి కణమునకే అంటును, ప్రక్కనున్న కణమును తాకనైన తాకదు. ఈ విధముగ ఆయన రక్తములోని తెల్లకణములను జాతులుగ విభజించి చూపెను. నేడు ఏ చిన్న ఆసుపత్రిలోనైనను రక్తపరీక్ష చేసి, తెల్లకణములలో ఏ రకము ఎంత ఉన్నదో లెక్కకట్టుచున్నారన్న ఆ విద్యకు పునాది వేసినవాడు ఎర్లిక్.

ఇతరులు ఇంతటితో తృప్తిపడియుందురు. ఎర్లిక్ మరియొక అడుగు ముందుకు వేసెను. రంగు ఒక కణమును వెదకి పట్టుకొనగలిగినచో, ఆ రంగునకు విషమును జతచేసిన యెడల ఆ విషము కూడ ఆ కణమునే చేరును గదా! రోగక్రిమికి మాత్రమే అంటు రంగు దొరకిన యెడల, క్రిమికి మాత్రమే తగులు మందు దొరకినట్లే. ఆయన తరువాత సాధించిన కార్యములకు మూలము ఈ చిన్న తర్కమే.

1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కోహ్ మహాశయుడు బెర్లిన్ నగరమున క్షయరోగమునకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించెను. ఆ సభలో ఎర్లిక్ కూడ ఉండెను. ఆ క్రిమికి రంగు పట్టించుట మిక్కిలి కష్టముగ నుండెను. ఎర్లిక్ ఇంటికి పోయి ఆ రాత్రియే పని ప్రారంభించెను. రంగు వేసిన గాజుపలకలను ఆరుటకై చల్లారిన పొయ్యిపై పెట్టగా, తెల్లవారి పనిమనిషి తెలియక పొయ్యి రాజవేసెననియు, ఆ వేడిమికి క్రిములు ముందెన్నడు లేనంత స్పష్టముగ రంగు తేలెననియు చెప్పుదురు. ఆయన చూపిన ఆ పద్ధతియే కొన్ని మార్పులతో నేటికిని క్షయరోగి కళ్లెను పరీక్షించుటకు వాడబడుచున్నది.

1885 ప్రాంతమున ఆయన మరియొక వింతను చూచెను. జంతువుల రక్తములోనికి రంగులను ఎక్కించినప్పుడు అవయవములన్నియు రంగు పట్టుచుండెను గాని, మెదడు మాత్రము పెక్కు రంగులను దరిచేరనీయలేదు. మెదడునకు ఆ రంగులపై మమకారము లేకపోవుటయే కారణమని ఎర్లిక్ తలచెను. ఈ ఊహ పొరపాటు. మెదడు చుట్టును రక్తమునుండి దానిని కాపాడు ఒక అడ్డుగోడ కలదని ఆయన శిష్యుడగు గోల్డ్‌మన్ చేసిన ప్రయోగములవలన 1913లో తేలెను. ఈ గోడను దాటించి మందును మెదడునకు చేర్చుట ఎట్లు అను ప్రశ్న అప్పటినుండి వైద్యులను వేధించుచునే యున్నది.

రోగము - ఆటంకములు

1883లో ఎర్లిక్ హెడ్విగ్ పింకుస్ అను కన్యను వివాహమాడెను. వారికి ఇరువురు కుమార్తెలు. సుఖముగ సాగుచున్న సంసారములో ఒక పిడుగు పడెను. 1888లో ఎర్లిక్ తన కళ్లెను తానే పరీక్షించి చూచుకొనగా, దానిలో క్షయక్రిములు కనిపించెను. క్రిమిని గుర్తించుటకు తాను నేర్పిన విద్యయే తన రోగమును తనకు తెలిపెను. అప్పటికి ఆ రోగమునకు మందులేదు. పొడిగాలికై భార్యతో ఈజిప్టు దేశమునకు పోయి, అచట చాలకాలము గడపి, ఆరోగ్యము కుదుటపడి తిరిగి వచ్చెను.

తిరిగి వచ్చునప్పటికి ఆయనకు ఉద్యోగము లేదు. యూదుడగుటచేత విశ్వవిద్యాలయములలో పెద్ద పదవులు ఆయనకు సులభముగ లభించెడివి కావు. అయినను నిరాశపడక అద్దెకు తీసికొన్న చిన్నచోట స్వంత ఖర్చుతో ప్రయోగశాల నేర్పరచుకొనెను. కొలదికాలమునకు కోహ్ ఆయనను తన క్రొత్త పరిశోధనాలయమునకు ఆహ్వానించెను. 1891లో ఎర్లిక్ మెథిలీన్ బ్లూ అను నీలిరంగును ఇద్దరు మలేరియా రోగుల కిచ్చి ఫలితము పొందెను. అద్దకపు రంగు మందుగ మారుట అదియే మొదలు.

కంఠసర్పి మందునకు తూనిక

ఆ దినములలో కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, పసిపిల్లలను గొంతు నులిమి చంపుచుండెను. ఆ రోగవిషమునకు విరుగుడు జంతువుల రక్తములో పుట్టించవచ్చునని బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు 1890లో చూపిరి. కాని ఆ విరుగుడు ఒకసారి బలముగ, మరియొకసారి బలహీనముగ తయారగుచుండెను. వైద్యుడు ఎంత మోతాదు ఇచ్చినచో బిడ్డ బ్రతుకునో ఎవ్వరికిని తెలియదు. తక్కెడ, పడి లేని సంతలో ధాన్యము కొన్నట్లుండెను.

ఎర్లిక్ ఆ మందునకు తక్కెడను సమకూర్చెను. ఒక ప్రమాణ ద్రవ్యమును ఎండబెట్టి, గాలి చొరని గాజుగొట్టములలో భద్రపరచి, ప్రతి క్రొత్త మందును దానితో సరిపోల్చి బలమును నిర్ణయించు పద్ధతిని ఆయన నెలకొల్పెను. 1894లో కంఠసర్పి మందు అంగడికి వచ్చెను. ఎందరో బిడ్డలు బ్రతికిరి. బేరింగ్ నకు ధనము, 1901లో మొదటి నోబెల్ వైద్యబహుమానము లభించెను. ఎర్లిక్ మాత్రము లాభములో తన వాటాను వదులుకొనెను. దానివలన ఇరువురకు ఏర్పడిన మనస్పర్థ మరల పూర్తిగ మానలేదు. 1896లో బెర్లిన్ శివారునగల స్టెగ్లిట్స్‌లో ఒక చిన్న పరిశోధనాలయమునకు ఎర్లిక్ అధిపతి అయ్యెను. వసతులు స్వల్పము. అయినను నీళ్లకుళాయి, దీపము, అద్దుడుకాగితము ఉన్నచో కొట్టములోనైనను పనిచేయగలనని ఆయన పరిహాసమాడెడివాడట.

ఇచటనే ఆయన 1897లో ఒక గొప్ప సిద్ధాంతమును ప్రకటించెను. జీవకణముపై తాళపు రంధ్రములవంటి స్థానములు కలవనియు, విషమైనను, ఆహారమైనను తనకు సరిపోవు రంధ్రములోనే ఇమిడి పనిచేయుననియు దాని సారాంశము. ఆ స్థానములకు గ్రాహకములని పేరు. సిద్ధాంతములోని కొన్ని వివరములు తరువాత మార్పు చెందినను, దాని మూలభావము నేటి వైద్యమునకు వెన్నెముక వంటిది. రోగనిరోధమును గూర్చిన ఈ కృషికే 1908లో ఆయనకు మెచ్నికోవ్ మహాశయునితో కలిపి నోబెల్ బహుమానము ఈయబడెను.

ఫ్రాంక్‌ఫర్ట్ - 606 సంఖ్య

1899లో పరిశోధనాలయము ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు మారెను. ఆ నగరమున గియోర్గ్ స్పేయర్ అను ధనికుని వితంతువగు ఫ్రాన్సిస్కా స్పేయర్, భర్త జ్ఞాపకార్థము ధనమిచ్చి ఒక ప్రయోగశాలను కట్టించగా, 1906నుండి ఎర్లిక్ దానిని కూడ నడిపెను. ఆయన గది చూడవచ్చినవారికి కూర్చొనుటకు చోటుండెడిది కాదు. కుర్చీలపై, సోఫాపై, నేలపై పుస్తకములు, పత్రికలు గుట్టలుగ పడియుండెడివి. చంకలో చుట్టలపెట్టె ఉండని క్షణము లేదు. ప్రతిదినమును ఒక్కొక్క సహాయకునికి మరునాడు చేయవలసిన పనిని రంగుచీటీలపై వ్రాసి పంపెడివాడు. పని నుండి విశ్రాంతికై అపరాధపరిశోధక కథలు చదివెడివాడు.

ఎర్లిక్ అప్పుడు పట్టుకొన్నది సిఫిలిస్ రోగమును. సవాయి అని మన పల్లెలలో పిలువబడిన రోగమిదియే. ఐరోపాలో రాజునుండి కూలివరకు దాని పాలబడనివారు లేరు. పాదరసమే మందు. ఆ మందు రోగముకన్న తక్కువ బాధ పెట్టెడిది కాదు. ఈ రోగక్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అను పండితులు కనుగొనిరి. ఎర్లిక్ ఆర్సెనిక్, అనగా పాషాణముతో కూడిన ఒక ద్రవ్యమును తీసికొని, దానిని వందల విధముల మార్చి, ప్రతిదానిని జంతువులపై పరీక్షింపజేయుచుండెను. రసాయనవేత్త బెర్ట్‌హైమ్ ఈ ద్రవ్యములను తయారు చేసెడివాడు. వాటిలో 606 అను సంఖ్యగల ద్రవ్యము 1907లోనే సిద్ధమయ్యెను. ఒక సహాయకుడు దానిని పరీక్షించి పనికిరాదని తేల్చగా అది అలమరలో మూలబడెను.

1909లో జపాను దేశమునుండి సహచిరో హాటా అను యువకుడు వచ్చెను. కుందేళ్లకు సిఫిలిస్ కలిగించి పరీక్షించు విద్యలో ఆయన దిట్ట. పాత ద్రవ్యములన్నిటిని మరల మొదటినుండి పరీక్షింపుమని ఎర్లిక్ ఆయనను నియోగించెను. హాటా ఓపికతో వరుసగ పరీక్షించుచు 606 వద్దకు వచ్చెను. ఆ మందును ఎక్కించిన కుందేళ్లలో క్రిములు అదృశ్యమయ్యెను, పుండ్లు మానెను. రెండేండ్లు అలమరలో నిద్రించినది మహౌషధమని తెలిసెను. పనికిరాదని ఒకరు త్రోసివేసిన దానిని మరల చూచుటకు సిగ్గుపడకపోవుటయే ఈ విజయమునకు కారణము.

కీర్తి - నింద

1910 ఏప్రిలు మాసమున వీస్‌బాడెన్ నగరపు వైద్యసభలో ఈ విషయము ప్రకటింపబడెను. లోకమంతయు ఎర్లిక్ గుమ్మమున నిలిచెను. ఆయన తొందరపడలేదు. మందును అంగడిలో పెట్టుటకు ముందు సుమారు 65,000 మోతాదులను వైద్యులకు ఉచితముగ ఇప్పించి, ప్రతి రోగి వృత్తాంతమును తనకు వ్రాయుడని కోరెను. పిదప ఆ మందు సాల్వర్సాన్ అను పేర వెలువడెను. పసుపుపచ్చని ఆ పొడి గాలి తగిలినచో చెడిపోవును గనుక దానిని గాజుబుడ్లలో బంధించి అమ్మిరి. దానిని నీటిలో కరగించి, సోడా కలిపి, రక్తనాళములోనికి ఎక్కించుట కష్టమైన పని. అజాగ్రత్త జరిగినచో రోగికి ప్రమాదము. 1912లో మరికొంత సులభమైన 914 సంఖ్యగల మందును కూడ ఎర్లిక్ ఇచ్చెను.

కాని అది సంపూర్ణమైన రామబాణము కాలేదు. పాషాణము పాషాణమే. వేలమంది కోలుకొనిరి గాని, కొందరు చెవుడుతో, కొందరు తీవ్రబాధలతో బాధపడిరి, కొందరు మరణించిరి. ప్రతి మరణవార్తయు ఎర్లిక్ గుండెకు ములుకై తగిలెను. తప్పు మందులోనున్నదా, ఎక్కించినవారి చేతిలోనున్నదా, రోగి శరీరములోనున్నదా అని ఒక్కొక్క వృత్తాంతమును తీసికొని రాత్రింబవళ్లు విచారించెడివాడు. విరోధులు ఆయన ధనాశాపరుడని పత్రికలలో దూషించిరి. యూదుడని ఎత్తిపొడిచిరి. ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో వేశ్యలకు బలవంతముగ ఈ మందు నిచ్చుచున్నారని ఒక పత్రికాకర్త వ్రాయగా 1914లో న్యాయస్థానమున విచారణ జరిగెను. ఎర్లిక్ కూడ సాక్ష్యమిచ్చెను. పత్రికాకర్తకు శిక్షపడెను. కాని తీర్పు వచ్చినంతమాత్రమున ప్రశ్న తీరలేదు. పదిమందికి ప్రాణమిచ్చు మందు ఒకనికి ప్రాణాంతకమైనచో ఆ బాధ్యత ఎవరిది? రోగి సమ్మతి ఎట్టిది? ఈ ప్రశ్నలను వైద్యలోకము నాటినుండి నేటివరకు విడువలేకపోయెను.

అదే సంవత్సరము మహాయుద్ధము వచ్చెను. జర్మను పక్షమును సమర్థించుచు 93 మంది పండితులు చేసిన ప్రకటనలో ఎర్లిక్ సంతకము కూడ ఉండెను. దేశదేశముల రోగులకు మేలు చేసిన మహనీయుడు యుద్ధావేశమునకు లోబడుట ఆయన చరిత్రలో ఒక మరక. పనివలన, నిందలవలన ఆయన శరీరము కృశించెను. 1915 ఆగస్టు 20వ తేదీన బాద్ హోంబర్గ్ పట్టణమున, 61వ యేట, పాల్ ఎర్లిక్ కన్నుమూసెను. నాజీల కాలమున ఆయన పేరుగల వీథికి పేరు మార్చిరి. భార్య హెడ్విగ్ దేశము విడిచిపోవలసివచ్చెను. యుద్ధానంతరము ఆయన స్థాపించిన పరిశోధనాలయమునకు ఆయన పేరే పెట్టి జర్మనులు ఆ అపరాధమును కొంత దిద్దుకొనిరి.

ఆయన నాటిన విత్తనము

1940 తరువాత పెన్సిలిన్ వచ్చి సాల్వర్సాన్‌ను మరుగుపరచెను. మందు పోయినను మార్గము నిలిచెను. రసాయనద్రవ్యములతో రోగమును గురిచూచి కొట్టు వైద్యమునకు కీమోథెరపీ అను పేరు ఎర్లిక్ పెట్టినదే. ఆ మార్గమున నడచినవారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో ఆయన నాయకత్వమున తయారైన మందులలో బోదకాలు క్రిమికి పనిచేయు మందు ఒకటి. పిల్లల రక్తపు క్యాన్సరుపై 1947లో మొదట వాడిన మందు మరియొకటి.

నేటి శాస్త్రజ్ఞులు ఆ రామబాణమునకు క్రొత్త వాహనమును వెదకుచున్నారు. ఆ వాహనము మన శరీరములోనే ఉన్నది. ప్రతి జీవకణమును తన పొరతో చుట్టిన అతిసూక్ష్మమైన తిత్తులను వెలుపలికి విడుచుచుండును. మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో ఒక భాగమెంతయో, పెక్కు తిత్తులు ఇంచుమించు అంతటివి. 1983లో లేత ఎఱ్ఱకణములు ఇట్టి తిత్తులను విడుచుటను చూచిన పండితులు, కణము తన చెత్తను పారవేయుచున్నదని తలచిరి. అలమరలో పడవేసిన 606 వలెనే వీటి విలువయు కొంతకాలము తెలియలేదు. ఇవి ఒక కణమునుండి మరియొక కణమునకు ఉత్తరములవంటి సందేశములను మోసికొనిపోవునని 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు చూపిరి.

తిత్తిపై దానిని విడిచిన కణపు గుర్తులుండును. కావున రక్తములోనో మూత్రములోనో ఉన్న తిత్తులను పట్టి చదివినచో, శరీరమును కోయకయే లోపలి క్యాన్సరువంటి రోగపు జాడను తెలిసికొనవచ్చును. తిత్తిలో మందును నింపి, పైన తగిన తాళపుచెవిని అమర్చినచో దానిని కోరిన కణమునకు పంపవచ్చును. 2011లో ఆక్స్‌ఫర్డ్ పండితులు ఎలుకల కణములనుండి తిత్తులను తీసి, పిచ్చికుక్క కాటువలన వచ్చు రోగపు వైరస్‌లో నరముల కంటుకొను చిన్నభాగమును వాటిపై అమర్చి, ఎలుకల రక్తములోనికి ఎక్కించిరి. ఎర్లిక్ రంగులు దాటలేని గోడను ఆ తిత్తులు దాటి మెదడును చేరెను.

అయినను కార్యము ఇంకను మిగిలియున్నది. ఎక్కించిన తిత్తులలో చాలభాగము కాలేయములో, ప్లీహములో చిక్కుకొనును. ఒకసారి తయారుచేసినవి మరియొకసారి చేసినవానితో సమానముగ నుండవు. వాటి బలమును కొలుచు తక్కెడ కుదరవలెను. అందుకై పండితులు 2014లో నియమములను ప్రకటించి, 2018లోను 2023లోను వాటిని సవరించిరి. కంఠసర్పి మందునకు ఎర్లిక్ తీర్చిన సమస్యయే ఇచట మరల ఎదురైనది. మందు కనుగొనుట ఒక యెత్తు, దానిని నమ్మదగినంతగా తూచి రోగి కిచ్చుట మరియొక యెత్తు.

పరిశోధనలో జయమునకు ఓర్పు, నేర్పు, ధనము, అదృష్టము కావలెనని ఎర్లిక్ చెప్పెడివాడట. వీనిలో తుది రెండును మనుష్యుని చేతిలో లేనివి. మొదటి రెండును ఎవ్వరైనను అలవరచుకొనవచ్చును. పరీక్షలయందు వెనుకబడిన ఒక బాలుడు, ఒక బంధువు చూపిన రంగుటద్దకమునుండి మొదలిడి, లోకమునకు ఒక క్రొత్త వైద్యమార్గమును చూపగలిగెను. ఏ పల్లెలోని ఏ బిడ్డకు ఏ పుస్తకమున ఏ పుట అట్టి రంగును చూపునో ముందుగ చెప్పగలవారు లేరు. పుస్తకములను అందుబాటులో నుంచుటయే పెద్దల విధి.